ఆకలి లేని కోట

ముందు ఆ అన్నం సంగతి చెప్పాలి. స్థిరపురి సింహద్వారం దగ్గర, రెండు రాతి ఏనుగుల నడుమ, వెండి పళ్లెంలో అన్నం పొగలు కక్కుతోంది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. పక్కన గోంగూర పచ్చడి, దాని మీద నూనెలో వేయించిన ఎండుమిరపకాయలు. అంత సింగారించి పెట్టిన ఆ పళ్లెంలోంచి ఒక్క మెతుకైనా ఎవరూ తినరు. కోటలోకి అడుగుపెట్టే ప్రతివాడూ దాని ముందు నిలబడాలి, కాపలావాళ్లు అతని గొంతుకేసి కన్నార్పకుండా చూస్తారు. గుటక పడిందా, తల తెగిపడుతుంది. స్థిరపురిలో ఎవరికీ ఆకలి లేదు మరి. ఆకలి లేదు, దాహం లేదు, నిద్ర లేదు, చావు కూడా లేదు. గుటక వేసినవాడు బయటివాడన్నమాట.

ఇప్పుడా పళ్లెం ముందు నిలబడ్డవాడు కుంభగిరి యువరాజు నీలకేతుడు. పట్టుబట్టలు కట్టుకుని, మెడలో కంఠహారం వేసుకుని, ఆ కోటవాళ్లలాగే వేషం వేశాడు. పాముల లోయ దాటినప్పటినుంచి పచ్చి దుంపలు తప్ప మరేమీ తినలేదు. గోంగూర వాసన తగలగానే నోట్లో నీళ్లు ఊరిపోయాయి. మింగితే తల పోతుంది, మింగకపోతే గడ్డం మీద కారతాయి. ఏం చేస్తాడు పాపం! నాలుకను పళ్ల మధ్య పెట్టి కసుక్కున కొరికాడు. ఆ నొప్పికి కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. ఆకలి ఎటు పోయిందో పోయింది.

"వెళ్లు" అన్నాడు కోట దళపతి కరాళవర్మ. తాడిచెట్టంత మనిషి. చెంప మీద కత్తి గాయం ఇప్పుడే తగిలినట్టు తడిగా, ఎర్రగా ఉంది.

నీలకేతుడి వెనకాలే ఎర్రగండడు వచ్చాడు. కుంభగిరి గుర్రపుశాలకు పెద్ద, యువరాజును పసితనంలో భుజాన మోసినవాడు. బండెడు అన్నం ఒక్కడే లాగించే ఆ మనిషి పళ్లెంకేసి చూసి, చెక్క మొహం పెట్టి, దర్జాగా లోపలికి నడిచొచ్చాడు.

"నీకు నోరూరలేదా?" అని గుసగుసగా అడిగాడు నీలకేతుడు.

"వాసన వస్తేగా ఊరడానికి! ముక్కులో మైనం కూరుకున్నాను."

"నాకూ చెప్పొచ్చు కదయ్యా!"

"ఇంటి దగ్గర నేను చెప్పింది విన్నావా, ఇక్కడ వినడానికి?" అని మూతి ముడుచుకున్నాడు ఎర్రగండడు.

ఆ మూతిముడుపుకు కారణం ఉంది. కుంభగిరిలో సింహకేతు మహారాజు మంచం పట్టాడు. దగ్గు, ఆయాసం, ఎముకల గూడులా అయిపోయాడు. వైద్యులు చేతులెత్తేశారు. కుంభగిరిలో ఒక ఆచారం ఉంది. పోయేవాళ్లకు అయినవాళ్లంతా తలా ఒక ముద్ద అన్నం కలిపి నోట్లో పెట్టి సాగనంపుతారు. మొదటి ముద్ద పెద్దకొడుకు పెట్టాలి. పెట్టి, అదే పళ్లెంలో మిగిలింది తాను తినాలి. కడుపులో ఆకలితో, ఇష్టంగా తినాలి. నువ్వు వెళ్లిరా, నేను ఉంటాను అని దాని అర్థం. పెద్దకొడుకు చెయ్యి పడేదాకా ఇంకెవరూ ముద్ద పెట్టకూడదు, ఆ మనిషి కూడా ఇంకేమీ ముట్టకూడదు.

మహారాజు కొడుకు వైపు తిరిగి నోరు తెరిచాడు. నీలకేతుడు ముద్ద కలిపాడు, చెయ్యి లేపాడు, ఆ చెయ్యి ముందుకు సాగలేదు. పళ్లెం కింద పెట్టేసి పరుగున వెళ్లి గుర్రం ఎక్కాడు. తాను ముద్ద పెట్టనంతకాలం తండ్రి పోడు కదా, ఈలోగా స్థిరపురి మాంత్రికుడు ధూమ్రజటుడి దగ్గరున్న స్థిరరసం కాజేసి తెస్తే తండ్రికి ఇక చావే ఉండదు అని అతని లెక్క. ఎంత తెలివి! అక్కడ తండ్రి నోరు తెరుచుకుని పడుకునే ఉన్నాడు. పాలచుక్క కూడా ముట్టడం లేదు.

కోట లోపలి అందం వర్ణిస్తే నోరు నొప్పెడుతుంది. చలువరాతి మేడలు, వాటి మీద బంగారు పూత శిఖరాలు, వీధి పొడవునా పచ్చల తోరణాలు. స్ఫటికపు కొలనుల్లో తామరలు విచ్చుకుని ఉన్నాయి, ఒక్క రేకు కూడా వాడలేదు. వాటి మీద తుమ్మెద వాలలేదు. ఏ ఇంటి కప్పు మీదా వంట పొగ లేదు, ఏ వాకిట్లోనూ పిల్లల గోల లేదు, కుక్క లేదు, కాకి లేదు. మేడల మెట్ల మీద మాత్రం మనుషులు కూర్చుని ఉన్నారు. పట్టుబట్టలు, కంఠహారాలు, రాళ్లలాంటి కళ్లు. కొత్తవాళ్లిద్దరూ నడిచిపోతుంటే ఆ కళ్లన్నీ వాళ్లతోపాటే తిరిగాయి. ఒకడు నీలకేతుడి ఊపిరి కొలుస్తున్నట్టు ఛాతీకేసి చూశాడు. ఒకామె దారికి అడ్డంగా కాలు చాపి, అతను దాటేదాకా తియ్యలేదు.

"వీళ్లకి మనమంటే ఏం కోపం?" అన్నాడు నీలకేతుడు.

"ఏమో. పొద్దున్నే లేచి చేసే పని లేకపోతే నాకూ అలాగే ఉంటుంది" అన్నాడు ఎర్రగండడు.

రాజప్రాసాదం ముందు నల్లరాతి తాబేలు ఉంది, ఇల్లంత తాబేలు. దాని నోట్లోంచి స్థిరరసం చుక్కచుక్కగా రాలుతోంది. జనం బారులు తీరి ఒక్కొక్కరే వచ్చి నాలుక చాపి, చుక్క పట్టుకుని పోతున్నారు. పైన వసారాలో బంగారు ఉయ్యాల మీద ధూమ్రజటుడు కూర్చుని మామిడిపండ్లు తింటున్నాడు. అబ్బ, ఏం తిండి అది! రసం మోచేతుల దాకా కారుతోంది, టెంకలు గుట్టలు పడుతున్నాయి, వంటవాళ్లు గంపలు మోసి మోసి నడుములు పట్టుకుంటున్నారు. జుట్టు పొగలా సుళ్లు తిరుగుతూ తల చుట్టూ లేస్తోంది. కోటలోవాళ్లందరి ఆకలీ అతని కడుపులోనే ఉంది. రసం ఊరికే ఇస్తాడా! చుక్క నాలుక మీద పడగానే ఆ మనిషి ఆకలి, నిద్ర, రుచి అన్నీ లాక్కుని తాను అనుభవిస్తాడు. కింద జనం అతను తినడం చూస్తూ నిలబడ్డారు. తిన్న రోజులు గుర్తు చేసుకుందామన్నా వాళ్లకు గుర్తు రావడం లేదు.

నీలకేతుడి వంతు వచ్చింది. చేతి మడతలో చిన్న జింకకొమ్ము దాచుకున్నాడు. వంగి నాలుక చాపినట్టే చాపి, చుక్కను కొమ్ములోకి పట్టాడు. బిరడా బిగించి బయటికి రాబోయాడు.

చటుక్కున ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది.

"నువ్వు చుక్క మింగలేదు" అందొక ముసలమ్మ. వంగిపోయిన నడుము, గురగురలాడే గొంతు. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీస్తోంది. "నోరెత్తి అరిచానంటే నిన్ను ఇక్కడే ముక్కలు చేస్తారు. ఏ ఊరు నాయనా?"

ఎర్రగండడి చెయ్యి మొలలో కత్తి మీదికి పోయింది. నీలకేతుడు కళ్లతోనే ఆపాడు. "కుంభగిరి" అన్నాడు.

ముసలమ్మ మొహం వెలిగింది. "మాదీ కుంభగిరే! నా పేరు రుద్రసాని. ఆ ద్వారం దగ్గర నిలబడ్డ దళపతి నా పెద్దకొడుకే. నాకు చివరి ముద్ద పెట్టాల్సిన రోజున వీడు పళ్లెం అవతలికి తోసేసి, నన్ను ఎత్తుకొచ్చి ఇక్కడ పడేశాడు. ఆ రోజు ఎలా ఉన్నానో ఈ రోజూ అలాగే ఉన్నాను. అదే ఆయాసం, అదే నడుము నొప్పి."

నీలకేతుడు ఉలిక్కిపడ్డాడు. "రసం తాగితే రోగం నయం కాదా?"

"నయమా! వాడి చెంప గాయం చూడలేదూ? దానితోనే వచ్చాడు, దానితోనే ఉన్నాడు. ఈ రసం ఏదీ బాగుచెయ్యదు నాయనా. ఎక్కడివాళ్లను అక్కడ ఆపేస్తుంది, అంతే."

నీలకేతుడు కొమ్ముకేసి చూశాడు. తండ్రి దగ్గు చెవిలో వినిపించింది. ఆ దగ్గు ఆగకుండా, ఆ నోరు అలా తెరుచుకునే, ఏళ్లకేళ్లు! తన చేతిలో ఉన్న కొమ్ములో ఉన్నది అదన్నమాట.

"నీ కొడుకు నీ మీద ప్రేమతోనే తెచ్చాడేమో అవ్వా" అన్నాడు, తనకోసమే అడుగుతున్నట్టు.

"ప్రేమా దోమా! వాడికి భయం. నేను లేని ఇంట్లో ఎలా ఉండాలో తెలియని భయం. నా మీద రుద్ది దానికి ప్రేమని పేరు పెట్టాడు. నాకు ఒక్క ముద్ద కావాలి నాయనా. మెతుకు పడితే రసం విరిగిపోతుంది, నేను హాయిగా వెళ్లిపోతాను. నన్ను ఆ పళ్లెం దగ్గరికి తీసుకుపో. తీసుకుపోతావా, అరవమంటావా?"

"చిన్నదొరా, ఈ ముసలమ్మతో పెట్టుకుంటే మన పీక మీదికొస్తుంది" అన్నాడు ఎర్రగండడు.

"రానీ. పద" అన్నాడు నీలకేతుడు.

ఆమెను భుజం మీద ఆనించుకుని ద్వారం దగ్గరికి నడిపించాడు. తల్లిని చూడగానే కరాళవర్మ కత్తి దూశాడు. "ఎవడ్రా నువ్వు? మా అమ్మను వదులు!"

"నేనే వచ్చాను రా కరాళా" అంది రుద్రసాని. పళ్లెం పక్కన చతికిలబడి కొడుకువైపు నోరు తెరిచింది. "పెట్టరా. ఒక్కటి. నా బంగారు తండ్రివి కదూ."

అంత మనిషి, తాడిచెట్టంత మనిషి, కత్తి కింద పడేశాడు. "నన్ను చావమను అమ్మా, చస్తాను. అది మాత్రం అడక్కు."

"చావడానికి నీకు దారి ఎక్కడుంది రా, ఈ కోటలో?"

నీలకేతుడు ముద్ద కలిపి కరాళవర్మ ముందుకు చాపాడు. "అన్నా, పెట్టు. నేను పెట్టకుండా పారిపోయి వచ్చాను. ఇంకా ఎంత దూరం పోతే తప్పించుకుంటామో నాకైతే తెలియలేదు. నువ్వైనా పెట్టు."

కరాళవర్మ ముద్దకేసి చూశాడు. చెయ్యి ముందుకొచ్చింది, ఆగింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రుద్రసాని నిట్టూర్చింది. "సరే. నువ్వే పెట్టు నాయనా. నిన్నూ నేనే కన్నాననుకుంటాను."

నీలకేతుడు పెట్టాడు. ఈసారి చెయ్యి వెనక్కు రాలేదు. ముసలమ్మ నమిలింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది, కళ్లలోకి నీళ్లు వచ్చాయి. అక్కడ వసారాలో ఉయ్యాల మీద ధూమ్రజటుడు కెవ్వున కేకవేసి, గొంతులో టెంక అడ్డం పడినట్టు దగ్గాడు.

"ఆకలేస్తోంది రా!" అంది రుద్రసాని, పసిపిల్లలా నవ్వుతూ. ఇంకాస్త నమిలి, "ఉప్పు తక్కువైంది" అంది. అలాగే గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, వెళ్లిపోయింది.

స్థిరపురిలో మనిషి పోయింది! ఆ మాట మేడమేడకూ పాకింది. మెట్ల మీద రాళ్లలా కూర్చున్నవాళ్లు లేచారు. కొందరు ముసలివాళ్లు నోళ్లు తెరుచుకుని, దేక్కుంటూ, పడుతూ లేస్తూ పళ్లెం వైపు వస్తున్నారు. వాళ్లను తెచ్చి పెట్టిన కొడుకులు, కూతుళ్లు కత్తులు, రోకళ్లు పట్టుకుని వాళ్ల వెనక వస్తున్నారు. "వాణ్ణి చంపండి! అన్నం పెట్టినవాణ్ణి చంపండి!"

"పరిగెత్తు చిన్నదొరా!" అన్నాడు ఎర్రగండడు.

నీలకేతుడు కదల్లేదు. ముద్ద పెట్టినవాడు అదే పళ్లెంలో తినాలి. వాళ్ల ఆచారం వాళ్లది, ఏం చెయ్యను! గబగబా ఒక పిడికెడు కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కొరుక్కున్న నాలుకకు గోంగూర భగ్గున మండింది. ఉప్పు నిజంగానే తక్కువైంది. అయినా పుట్టి బుద్ధెరిగాక అంత రుచైన అన్నం తినలేదు. కళ్లవెంట నీళ్లు కారుతుండగా మింగాడు.

ఆ ఒక్క క్షణమే అతని కొంప ముంచింది. కరాళవర్మ తల్లి పక్కనుంచి లేచి విల్లందుకున్నాడు. "మా అమ్మను చంపావు!" అని అరిచాడు. బాణం వచ్చి నీలకేతుడి తొడలో దిగింది. ఎర్రగండడు యువరాజును గడ్డిమోపులా ఎత్తి భుజాన వేసుకుని, మూసుకుంటున్న తలుపుల సందులోంచి బయటపడ్డాడు. తుప్పల చాటున కట్టేసిన గుర్రాలు సకిలించాయి.

నీలకేతుడి గుర్రం పేరు గాలివాన, పేరుకు తగ్గ గుర్రమే. రెండు అంగల్లో కోట కందకం దాటింది. పక్కనే ఎర్రగండడి గుర్రం దౌడు తీస్తోంది. నీలకేతుడు వెనక్కు చూశాడు. ధూమ్రజటుడు వసారా అంచున నిలబడి జడలు విదిలించాడు. ఒక్కో జడా నల్లపొగ పామై, పడగ విప్పి, ఆకాశం మీద పాకుతూ వస్తోంది. మిట్టమధ్యాహ్నపు ఎండ మసకబారింది.

"దొంగా! నా కోటలో అన్నం కలుపుతావా!" అతని గొంతు కొండల్లో మోగింది. "నీ తండ్రి నోరు అలా తెరుచుకునే ఉంటుంది. నువ్వు ఆ గుమ్మం తొక్కవు!"

ఎర్రగండడు దౌడు మీదే చెయ్యి చాపి బాణం ఊడబీకాడు. మొన నల్లగా, జిగటగా ఉంది. అతని మొహం పాలిపోయింది. "విషం పూశాడు, పాపిష్టివాడు. చిన్నదొరా, కొమ్ములో రసం తాగు. విషం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తాగు, నా మాట ఒక్కసారి విను!"

నీలకేతుడు కొమ్ము తీశాడు. కాలు మొద్దుబారింది, నడుం దాకా మంట పాకుతోంది. చావు ఎలా ఉంటుందో అని భయం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఏడుపు వచ్చింది. బిరడా పళ్లతో పీకాడు.

"తాగితే నాకు ఆకలి ఉండదు కదూ?" అన్నాడు.

"ఉండదు. ప్రాణం ఉంటుంది."

"ఆకలి లేనివాడు పెట్టిన ముద్ద చెల్లదు. పెట్టి, అదే పళ్లెంలో తినాలి. నాన్నకు ఇంకెవరు పెడతారు?"

"బతికుంటే కదయ్యా పెట్టేది!"

"కుంభగిరి దాకా బతుకుతాను. ఆ పైన కూడా బతికితే ఇంకా మంచిది, కాదంటానా?" అని కొమ్మును తలకిందులు చేశాడు. రసం దుమ్ములో పడింది. పడినచోట గడ్డి గాలికి ఊగడం మానేసి నిలబడిపోయింది.

ఎర్రగండడు బూతులు తిట్టాడు. తిడుతూనే తలగుడ్డ చింపి యువరాజు తొడకు బిగించి కట్టాడు. "లోయ అవతల విషానికి విరుగుడు ఆకు దొరుకుతుంది. అందాకా నిద్రపోకు. మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి మాట్లాడు!"

"తినడానికేమైనా ఉందా?"

"ఇప్పుడా?"

"ఆకలేస్తోంది, గండన్నా. చచ్చేంత ఆకలేస్తోంది" అని నవ్వాడు నీలకేతుడు. ఎర్రగండడు కళ్లు తుడుచుకుని, మొలలోంచి గుప్పెడు రేగుపళ్లు తీసి ఇచ్చాడు. సగం పచ్చివి, పులుపుకు దవడలు లాగేశాయి. దౌడు తీసే గుర్రం మీద, వెనక పొగపాములు తరుముతుంటే, ఒక్కో పండూ చప్పరించి గింజలు ఉమ్ముతూ తిన్నాడు. మొహం మీద గాలి తగులుతోంది. ఎండిన గడ్డి వాసన, గుర్రపు చెమట వాసన వస్తున్నాయి. ఇన్నాళ్లూ ఇవన్నీ తన చుట్టూనే ఉన్నాయి కదా అనిపించింది.

పాముల లోయ వచ్చింది. అడుగు కనిపించని లోతు. పొగపాము ఒకటి వాళ్లకంటే ముందే వెళ్లి లోయ మీది వెదురు వంతెనను చుట్టుకుంది. తాళ్లు భగ్గున అంటుకుని వంతెన నడిమికి తెగి లోయలోకి వేలాడింది.

"ఆగితే చస్తాం" అన్నాడు ఎర్రగండడు.

"దూకితే?"

"అదీ చెప్పలేం." అని తన గుర్రాన్ని అదిలించాడు. గుర్రం ఎగిరింది, అవతలి గట్టు మీద మోకాళ్ల మీద పడింది, లేచింది.

నీలకేతుడు గాలివాన మెడ కౌగిలించుకున్నాడు. విషం ఛాతీ దాకా వచ్చింది, వేళ్లు చల్లబడ్డాయి. పొగపాము పడగ వీపుకు తగులుతోంది. భయం పోలేదు. భయంతోనే మడమ తాకించాడు.

గాలివాన లోయ మీద గాల్లోకి లేచింది. ముందుకాళ్లు అవతలి అంచును తాకాయి. వెనకకాళ్ల కింద మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి లోయలోకి రాలింది. ఎర్రగండడు బోర్లా పడి రెండు చేతులతో కళ్లెం పట్టి లాగుతున్నాడు. గుర్రం ప్రాణభయంతో గిలగిల కొట్టుకుంటోంది. నీలకేతుడు జూలు పట్టుకు వేలాడుతూ, కుంభగిరి ఉన్న దిక్కుకు మొహం ఎత్తి గొంతు చించుకుని అరిచాడు:

"నాన్నా! నేనొచ్చేదాకా పోవద్దు! ముద్ద పెడతాను నాన్నా, నేనే పెడతాను!"